మా అమ్మాయికి చెప్పకండి

ఆ హోంలో ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్ళు లేరు. అందరికీ ఆమె ఓపికమ్మే. మతిమరుపు జబ్బు ముదిరి, మనుషుల్నీ వేళల్నీ పోల్చుకోలేని పెద్దవాళ్ళను చూసుకునే చోటు అది. మేడ మీద మంచాన పడ్డవాళ్ళుంటారు. కింద పెద్ద హాల్లో, పొద్దున వచ్చి సాయంత్రం ఇళ్ళకు వెళ్ళేవాళ్ళుంటారు. ఓపికమ్మ అక్కడ నర్సు. నడివయసు దాటుతోంది. పెళ్ళి జోలికి పోలేదు. ఎవరైనా అడిగితే, అలిగే పిల్లలు ఇంతమంది ఉండగా మళ్ళీ పెళ్ళెందుకని నవ్వేసేది.

ఆ పేరు ఊరికే రాలేదు. ఒకప్పుడు రైలు గార్డుగా చేసిన పెద్దాయన ఒకాయన ఉండేవాడు. మధ్యాహ్నం కాగానే బండి ఆలస్యమైపోతోందని లేచి, అడ్డొచ్చినవాళ్ళను తోసేసేవాడు. మీరు రిటైరై చాలా కాలమైంది తాతగారూ అని నచ్చజెప్పబోయిన వాళ్ళకు దెబ్బలే మిగిలేవి. ఓపికమ్మ మాత్రం ఆయన పక్కన నిలబడి, "సిగ్నల్ ఇంకా పడలేదు సార్, అందాకా కూర్చోండి" అనేది. అలాగా అని ఆయన కూర్చునేవాడు. ఆ సిగ్నల్ ఏనాడూ పడింది లేదు, ఆ బండి కదిలింది లేదు.

అందుకే రోగుల ఇళ్ళవాళ్ళకు పాఠం చెప్పే పని కూడా ఆమెకే అప్పజెప్పారు. కొడుకులు, కూతుళ్ళు, కోడళ్ళు నిద్రలేని కళ్ళతో వచ్చి కూర్చునేవారు. వాళ్ళతో వాదించకండి, నేనెవరో గుర్తుందా అని పరీక్షలు పెట్టకండి, వాళ్ళు మన లోకంలోకి రాలేరు గనక మనమే వాళ్ళ లోకంలోకి వెళ్ళాలి అని చెప్పేది. చెయ్యెత్తేంత కోపం వస్తే గది దాటి బయటికి వచ్చెయ్యండి, ఎవర్నో ఒకర్ని సాయానికి పిలవండి, అందులో నామోషీ ఏమీ లేదు అనేది. కొత్తగా చేరిన ఆయాలకు ఇంకో మాట కూడా చెప్పేది. పెద్దవాళ్ళు తమను ఎవరో కొట్టారంటే జబ్బు మాట్లాడిస్తోందని కొట్టిపారెయ్యకూడదు, నిజమో కాదో తేల్చడం మన పని కాదు, తిన్నగా వెళ్ళి పెద్ద సిస్టర్ చెవిన వెయ్యాలి. పెద్ద సిస్టర్ అంటే ఆ హోం మొత్తానికి పైన ఉండే ఆవిడ. నవ్వడం పాపమనుకునే మనిషి.

ఓపికమ్మ తల్లి కుట్టుపని చేసిన మనిషి. భర్త తొందరగా పోతే, మిషను తొక్కి కూతుర్నీ కొడుకునీ పైకి తెచ్చింది. బడిపిల్లల చొక్కాల దగ్గర్నుంచి పెళ్ళికూతుళ్ళ బట్టల దాకా ఆమె చేతిలో పడితే కొలత తప్పేది కాదు. ముసలితనంలో కొడుకు దగ్గరే ఉండేది. అక్కడే మతిమరుపు మొదలైంది. మొదట్లో కళ్ళజోడు, ఆ తర్వాత వారాలు, ఆ తర్వాత మనుషులు ఒక్కొక్కటే జారిపోయాయి. పొద్దువాలే వేళకి మాత్రం ఆమెకు ఎక్కడలేని బలం వచ్చేది. ఎవరి ఇంట్లోనో బందీగా ఉన్నానని కేకలేసి, చేతికందినవి విసిరేది.

ఒకరోజు ఓపికమ్మ చెప్పాపెట్టకుండా తమ్ముడి ఇంటికి వెళ్ళింది. బెల్లు కొడితే మరదలు వచ్చి తలుపు తీసింది. లోపలికి వెళ్ళి చూస్తే తల్లి గదికి బయటినుంచి గడియ పెట్టి ఉంది. ఇక చూడండి, హోంలో సముద్రమంత ఓర్పు ఉన్న మనిషికి అక్కడ చిటికెడు కూడా మిగల్లేదు. గొడ్డునైనా ఇలా బంధించరు, మీ అమ్మనైతే ఇలాగే గడియ వేసి ఉంచుతావా అని మరదల్ని నిలబెట్టి కడిగేసింది. మెట్ల మీద ఇరుగుపొరుగు గుమిగూడారు. మరదలు తల వంచుకుంది తప్ప పెదవి విప్పలేదు. తమ్ముడు తన కాలివేళ్ళకేసి చూస్తూ నిలబడ్డాడు. ముక్కూమొహం తెలియనివాళ్ళకి చేస్తున్నాను, కన్నతల్లికి చెయ్యలేనా అని అందరూ వినేలా అని, తల్లి బట్టలు ఒక సంచిలో కుక్కుకుని, ఆమె చెయ్యి పట్టుకుని ఓపికమ్మ దిగి వచ్చేసింది. అప్పుడు ఆమెకు నిజంగా గర్వంగానే ఉంది.

ఏర్పాటు కూడా బాగానే కుదిరింది. తను డ్యూటీకి వెళ్ళేటప్పుడు తల్లిని వెంట తీసుకెళ్ళి కింద హాల్లో కూర్చోబెట్టి, తను మేడ మీదికి వెళ్ళేది. సాయంత్రం ఇద్దరూ కలిసి ఇంటికి. చూసినవాళ్ళంతా కూతురంటే ఇలా ఉండాలి అనేవారు.

కానీ హోంలో ఓర్పుకి ఒక వేళ ఉంటుంది. డ్యూటీ దిగితే ఇంకో సిస్టర్ ఎక్కుతుంది. ఇంట్లో దిగుదామన్నా ఎక్కేవాళ్ళు లేరు. తల్లికి కొత్తగా ఒక అలవాటు పట్టుకుంది. కనబడిన ప్రతి కుట్టూ వంకరగా కనిపించేది. తలగడ గలీబులు, కర్టెన్లు, దుప్పట్ల అంచులు, అన్నీ గోళ్ళతో ఓపిగ్గా విప్పేసేది. విప్పి, మళ్ళీ కుట్టాలి, బట్టలవాళ్ళు వచ్చేస్తారు అనేది. సూది ఇస్తే గుచ్చుకుంటుంది, ఇవ్వకపోతే ఏడుస్తుంది. మా అమ్మాయి ఎప్పుడొస్తుంది అన్న ప్రశ్న ఒకటి. సమాధానం చెప్పి అటు తిరిగేలోగా మళ్ళీ అదే ప్రశ్న. పరాయివాళ్ళు అడిగితే అది జబ్బు. సొంత తల్లి అడిగితే గుండెలో ముల్లు. ఇన్నేళ్ళ అనుభవంలో ఈ తేడా ఒకటుంటుందని ఓపికమ్మకు ఎవరూ చెప్పలేదు, ఆమె ఎవరికీ చెప్పలేదు.

ఆ రోజు పొద్దున వాన పడుతోంది. అంతకుముందు రాత్రి ఇద్దరికీ నిద్ర లేదు. ఇస్త్రీ చేసి పెట్టుకున్న యూనిఫాం కోసం వెళితే, అది చేతులు వేరు, ఒళ్ళు వేరుగా మంచం మీద ఉంది. దాని పక్కన తల్లి, పని ముగించిన మనిషిలా తృప్తిగా కూర్చుని ఉంది. ఓపికమ్మ పళ్ళు బిగించి పోనీలే అనుకుంది. ఇంకో యూనిఫాం తడిగా ఉన్నా అదే హోంకి పట్టుకెళ్దామనుకుంది. తల్లిని స్నానాల గదిలోకి తీసుకెళ్ళింది. తల్లి తలుపు పట్టుకుని రానంది. మా అమ్మాయి వస్తేగాని స్నానం చెయ్యనంది.

"అమ్మా, నేనే మీ అమ్మాయిని."

తల్లి ఆమె ముఖంలోకి తేరిపార చూసింది. చూసి తల అడ్డంగా తిప్పింది.

"నువ్వు కాదు. మా అమ్మాయి మంచిది."

ఆ మాటకే చెయ్యి లేచింది. ఎప్పుడు లేచిందో ఓపికమ్మకు తెలియదు గాని, పడినప్పుడు చప్పుడు మాత్రం వినబడింది. తల్లి చెంప మీద వేళ్ళ గుర్తులు తేలాయి. ఆమె అరవలేదు. చెంప పట్టుకుని, బడిలో పంతులు ముందు నిలబడ్డ పిల్లలా, "ఏం తప్పు చేశానండీ?" అని అడిగింది. కన్నకూతుర్ని పట్టుకుని అండీ అంది.

ఓపికమ్మ స్నానాల గదిలో కింద కూలబడి ఏడ్చింది. తల్లిని కావిలించుకుని ఏడ్చింది. కాసేపటికి తల్లి ఆమె తల నిమురుతూ, ఎందుకమ్మా ఏడుస్తున్నావు, ఎవరైనా ఏమన్నా అన్నారా అని అడిగింది. దెబ్బ సంగతి అప్పుడే మరిచిపోయింది. మరిచిపోయిందని తెలియగానే ఓపికమ్మ మనసులో ఏదో తేలికపడింది. తర్వాత తలుచుకున్నప్పుడల్లా దెబ్బ కన్నా ఆ తేలికే ఆమెను ఎక్కువ కాల్చింది.

ఒక్కసారితో ఆగి ఉంటే ఇదంతా చెప్పుకోవాల్సిన పనే లేదు. ఆగలేదు. జబ్బ పట్టి గుంజడం, గిల్లడం, పళ్ళెం లాక్కుని, ఆకలితో తల వాల్చేదాకా కూర్చోబెట్టడం. ప్రతిసారీ ఇదే ఆఖరు అనుకునేది. ప్రతిసారీ తల్లి మరిచిపోయేది. సాక్షి లేని తప్పుకి అలవాటు పడడం ఎంత సులువో ఆమెకు తెలిసివచ్చింది. హోంలో అడుగుపెట్టగానే మళ్ళీ చల్లటి ముఖం, మెత్తటి మాట. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అని మనవాళ్ళు ఊరికే అనలేదు.

ఒక మధ్యాహ్నం కింద హాల్లో సిస్టర్ రాకపోతే ఓపికమ్మ ఆ డ్యూటీ చూడాల్సి వచ్చింది. తల్లి కిటికీ పక్కన కూర్చుని ఉంది. యూనిఫాంలో, తలకు టోపీతో ఉన్న కూతుర్ని ఆమె పోల్చుకోలేదు. మందు బిళ్ళ ఇచ్చి నీళ్ళు తాగిస్తుంటే, మెల్లగా చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కుంది.

"సిస్టరమ్మా, మీరు చూస్తే మంచివారిలా ఉన్నారు. మీకొక మాట చెప్తాను. సాయంత్రం నన్ను ఆ ఇంటికి పంపకండి. అక్కడ ఒకావిడ ఉంది. కొడుతుంది."

ఎవరావిడ అని అడిగింది ఓపికమ్మ. ఎందుకు అడిగిందో ఆమెకే తెలియదు.

"ఎవరో. నాకు తెలీదు. అన్నం కూడా పెడుతుంది, అబద్ధం చెప్పకూడదు. కానీ కొడుతుంది." తల్లి అటూ ఇటూ చూసి గొంతు ఇంకా తగ్గించింది. "మా అమ్మాయికి మాత్రం చెప్పకండి. తట్టుకోలేదు. అది కూడా మీలాగే నర్సు."

ఓపికమ్మ గ్లాసు కిటికీ గట్టు మీద పెట్టింది. అలాగేనమ్మా, చెప్పను అంది. ఇంకేం అనగలదు? తల్లి నిశ్చింతగా వెనక్కి వాలి కళ్ళు మూసుకుంది.

తువ్వాళ్ళు మడత పెడుతున్న ఆయా ఒకామె ఇదంతా విన్నది. కొత్తగా చేరిన మనిషి. పాఠం ఇంకా చెవుల్లో పచ్చిగా ఉంది. చెప్పినట్టే తిన్నగా వెళ్ళి పెద్ద సిస్టర్ చెవిన వేసింది.

పెద్ద సిస్టర్ ఓపికమ్మను గదిలోకి పిలిపించి, మీ అమ్మగారు ఇలా అంటున్నారట, ఏమిటి సంగతి అని అడిగింది. అనుమానంతో కాదు, అడగాలి గనక అడిగింది. ఆ గదిలో ఫ్యాను తిరుగుతోంది. ఓపికమ్మ ఆ ఫ్యానుకేసి చూసింది. నిజం నాలుక చివరిదాకా వచ్చింది. వచ్చి, అక్కణ్ణుంచి ఇంకో దారి పట్టింది.

"ఇంతకుముందు మా తమ్ముడి ఇంట్లో ఉండేది కదండీ. అక్కడ కోడలు గదిలో పెట్టి గడియ వేసేది. ఆ రోజుల సంగతులే ఇంకా బుర్రలో తిరుగుతున్నట్టున్నాయి."

కోడలు అన్నాక ఇక అడగాల్సింది ఏముంది? లోకం ఎప్పుడూ నమ్మడానికి సిద్ధంగా ఉండే కథ అది. పెద్ద సిస్టర్ తల పంకించి, నీలాంటి కూతురుండబట్టి సరిపోయింది అంది. ఓపికమ్మ బయటికి వచ్చి, మందుల గదిలో కాసేపు గోడకి ఆనుకుని నిలబడింది. మాట జారింది, అంతే, ఇక్కడితో పోతుంది అని తనకు తనే చెప్పుకుంది.

పోలేదు. పెద్ద సిస్టర్ ఏ పనీ సగంలో వదిలే మనిషి కాదు. తమ్ముడికి ఫోను చేసి, పెద్దావిడను ఇంట్లో కొట్టినట్టు తెలిసింది, ఇక ముందు ఆమెను ఆ ఇంటికి పంపే ప్రసక్తే లేదని ఖండితంగా చెప్పింది. ఆ సాయంత్రమే తమ్ముడు అక్కకి ఫోను చేసి ఏడ్చాడు. నా ఇంట్లో, నా కళ్ళ ముందు ఇంత జరుగుతుంటే నాకు తెలియలేదక్కా అన్నాడు. భార్య అలాంటిదేం లేదని ఒట్టు పెడుతోందనీ, తను నమ్మలేకపోతున్నాననీ, ఆమెతో మాట్లాడ్డం మానేశాననీ చెప్పాడు. ఆ ఫోను పట్టుకుని ఓపికమ్మ అన్న మాట ఇది.

"పోనీలేరా. అయిందేదో అయింది. దాన్ని ఏమీ అనకు."

తను చేసిన తప్పుకి ఇంకొకర్ని క్షమించింది. ఫోను పెట్టేశాక ఆ మాటే చెవుల్లో గింగిరాలు తిరిగింది. అద్దం ముందు నిలబడి తల దువ్వుకోవడం కూడా ఆ రోజు నుంచి ఆమె మానేసింది.

వారం తిరక్కుండానే మరదలు హోంకి వచ్చింది. చూడ్డానికి వచ్చేవాళ్ళకు ఇచ్చే వేళలో, ఒంటరిగా, చేతిలో ఏమీ లేకుండా వచ్చింది. ముఖం పీక్కుపోయి ఉంది. ఆయాలు ఒకరినొకరు మోచేతుల్తో పొడుచుకున్నారు. ఆమె ఎవరివంకా చూడకుండా కిటికీ దగ్గరికి వెళ్ళి, అత్తయ్యా అని పిలిచి పక్కన కూర్చుంది. తల్లి ఆమెను ఎవరనుకుందో గాని ముఖం విప్పారింది. మరదలి జాకెట్టు చేతి అంచు పట్టి చూసి, ఇదిగో ఇక్కడ ఊడింది, విప్పి ఇస్తే కుట్టి పెడతాను అంది. మరదలు నవ్వబోయి ఏడ్చింది. ఇద్దరూ చేతులు పట్టుకుని కూర్చున్నారు.

అప్పటికి ఓపికమ్మ డ్యూటీ దిగి, యూనిఫాం విప్పి, మామూలు బట్టల్లో తల్లిని తీసుకెళ్ళడానికి వచ్చింది. మరదల్ని చూడగానే ఆగిపోయింది. తప్పించుకుపోవడానికి దారి లేదు. ఏదో ఒకటి చెయ్యాలి గనక, తల్లి ముఖం మీద పడుతున్న జుట్టు సర్దబోయి చెయ్యి చాచింది.

తల్లి రెండు చేతులూ తల మీద పెట్టుకుని ఒక్కసారిగా ముడుచుకుపోయింది. ముడుచుకుని, మరదలి ఒళ్ళో తల దాచుకుంది.

"వచ్చింది. ఆవిడే."

చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. హాల్లో ఎవరి మాటల్లో వాళ్ళున్నారు, ఎవరూ వినలేదు. విన్నది ఒక్క మరదలే. ఆమె అత్తగారి వీపు నిమురుతూ తల ఎత్తి వదినకేసి చూసింది. చాలాసేపు చూసింది. ఆ చూపులో కోపం ఉందేమోనని ఓపికమ్మ వెతికింది. కోపమే ఉంటే బాగుండుననిపించింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నవాడికైనా తడుముకోవడానికి చేతులాడాయి. ఆమెకు అదీ లేదు.

తల్లి కాస్త కుదుటపడ్డాక మరదలు ఆయాను పిలిచి కూర్చోబెట్టి, వరండాలోకి వచ్చింది. ఓపికమ్మ వెనకే వచ్చింది. చివర్లో ఒక చెక్క బల్ల ఉంటే దాని మీద కూర్చున్నారు, మధ్యలో ఇంకొకరు కూర్చునేంత చోటు వదిలి.

"ఎప్పట్నుంచి వదినా?" అని అడిగింది మరదలు.

ఓపికమ్మ చెప్పింది. దాచకుండా చెప్పింది. స్నానాల గది దగ్గర్నుంచి, పెద్ద సిస్టర్ గదిలో అన్న మాట దాకా. చెబుతున్నంతసేపూ తన చేతులకేసే చూసుకుంది. ఆ చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్ళో ఒకదాని కింద ఒకటి దాచుకుంది.

మరదలు అంతా విని అంది. "నేను అత్తయ్యని కొట్టలేదు. గడియ పెట్టిన మాట నిజం. నన్ను చూస్తే విసిరేది, చూడకపోతే తగ్గేది. అందుకని గడియ పెట్టి, ఆ తలుపుకే వీపు ఆనించుకుని కింద కూర్చునేదాన్ని. లోపల మంచం కిర్రుమన్నా వినబడేది. ఆ రోజు మీరు బెల్లు కొడితే లేచి వచ్చాను. మీరు అడగలేదు, నేను చెప్పలేదు."

ఓపికమ్మకు తల కొట్టేసినట్టయింది. క్షమించమని అడగడానికి నోరు తెరిచింది గాని, మొన్న ఫోనులో తమ్ముడితో అన్న మాట గుర్తొచ్చి నోరు మూసుకుంది. అడిగే ముఖం తనకు లేదు.

"మీ తమ్ముడు నాతో మాట్లాడ్డం లేదు," అంది మరదలు. "నాన్నమ్మను కొట్టావా అని పిల్లలు అడుగుతున్నారు. మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

నేనే చెప్తాను అంది ఓపికమ్మ.

లేచి తిన్నగా పెద్ద సిస్టర్ గదికి వెళ్ళింది. నెమ్మదిగా వెళ్తే కాళ్ళు వెనక్కి లాగుతాయేమో, ఇంటికి వెళ్ళి రేపు చెప్దామనిపిస్తుందేమో అన్న భయంతో దాదాపు పరుగెత్తింది. కూర్చోమన్నా కూర్చోలేదు. మా అమ్మను కొడుతున్నది నేనే, మా మరదలు కాదు అని ఒక్క ముక్కలో చెప్పేసింది. పెద్ద సిస్టర్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"విసిగి చెయ్యెత్తిన వాళ్ళను నా ఉద్యోగంలో చాలామందిని చూశాను," అంది. "వాళ్ళను ఏం చెయ్యాలో నాకు తెలుసు. ఒప్పుకోవడం చేతకాక ఇంకొకర్ని చూపించినదాన్ని ఏం చెయ్యాలో తెలియడం లేదు. ఎవరినైనా సాయం అడగమని ఇంతమందికి చెప్తావే, నువ్వెందుకు అడగలేదు?"

"అడిగితే ఇక నన్ను ఓపికమ్మ అనరు కదండీ," అంది ఆమె. అది సమాధానం కాదని తెలుసు. కానీ నిజం.

ఆ రోజు నుంచి రోగుల మీద చెయ్యి వేసే పని ఆమెకు లేదు. గోదాములో దుప్పట్లూ మందులూ చూసుకునే పనిలో వేశారు. ఇళ్ళవాళ్ళకు పాఠం చెప్పే పని ఇంకొకరికి వెళ్ళింది. పెద్ద సిస్టర్ ఎవరికీ ఏమీ చెప్పలేదు. కానీ గోడలకు చెవులు, ఆయాలకు నోళ్ళు. ఓపికమ్మ అన్న పిలుపు ఎవరూ మాన్పించకుండానే మానిపోయింది. ఎదురుపడితే పక్కకు తప్పుకునేవారు. సిస్టర్ అనేవారు, అంతే. ఆ కొత్త ఆయా మాత్రం, మీరు చెప్పిన పాఠమే కదండీ నేను చేసింది, నా మీద కోపమా అని వచ్చి అడిగింది. లేదమ్మా, బాగా చేశావు అని చెప్పి ఓపికమ్మ దుప్పట్ల వెనక్కి వెళ్ళిపోయింది.

తమ్ముడికి ఫోనులో చెప్పడం అన్నిటికన్నా కష్టమైంది. అంతా విని అతను ఫోను పెట్టేశాడు. తిట్టి ఉంటే ఆమె దాన్ని పట్టుకుని బతికేది.

తల్లి కొడుకింటికే వెళ్ళింది. పగలు హోంకి వచ్చి, సాయంత్రం మరదలితో వెళ్ళేది. పొద్దువాలే వేళ ఇద్దరు మనుషులుంటేనే గాని ఆమెను పట్టడం కష్టమని మరదలే వదినకు ఫోను చేసింది. మీ తమ్ముడు ఆ వేళకి రాలేడు, మీరు రండి అంది. ముద్దుగా పిలవలేదు, కోపంగానూ పిలవలేదు. పనికి మనిషి కావాలి గనక పిలిచింది. ఓపికమ్మ వెళ్ళడం మొదలుపెట్టింది.

వెళ్ళేది గాని తల్లిని ముట్టుకునేది కాదు. స్నానం చేయించేది మరదలు, నీళ్ళు అందించేది తను. అన్నం పెట్టేది మరదలు, గిన్నెలు కడిగేది తను. కొన్నాళ్ళు ఆమె గదిలోకి రాగానే తల్లి భుజాలు ముడుచుకునేది. అప్పుడు ఓపికమ్మ గోడ దగ్గర కింద, తల్లికన్నా తక్కువ ఎత్తులో, చేతులు కనబడేలా కూర్చునేది. కొన్ని రోజులు తల్లి ఆమెను పట్టించుకునేది కాదు. ఒక్కోరోజు ఎవరమ్మా ఆ అమ్మాయి, పాపం కింద కూర్చుంది, పీట వెయ్యండి అనేది. మర్నాడు మళ్ళీ భయం. జబ్బుకి ఒక వరస లేదు. అలవాటు పడుతుందిలే అని మరదలు అంటే, పడకపోయినా నాకు తగిందే అనేది ఓపికమ్మ. తమ్ముడు ఇంట్లో ఉన్నప్పుడు ఆమె వస్తే, లేచి వెళ్ళిపోయేవాడు కాదు. మాట్లాడేవాడూ కాదు. ఒకసారి ఆమె బయల్దేరేటప్పుడు, వాన పడుతోంది, గొడుగు పట్టుకెళ్ళు అన్నాడు గోడకేసి చూస్తూ. ఆ గొడుగు ఆమె తిరిగి ఇచ్చేటప్పుడు మళ్ళీ మాటలేమీ లేవు.

ఒక సాయంత్రం తమ్ముడి చిన్న కూతురు బడి మెట్ల మీంచి పడిందని కబురొచ్చింది. మరదలు కంగారుగా చెప్పులు వేసుకుంది. తల్లి మంచం మీద కూర్చుని దుప్పటి అంచు విప్పుతోంది. అప్పుడప్పుడే గొణగడం మొదలైంది, ఇంకాసేపట్లో కేకలొస్తాయి.

"వదినా, చూస్తుండండి. గంటలో వచ్చేస్తాను."

ఓపికమ్మ లేచి నిలబడింది. సరే అనడం ఎంత సులువో ఆమెకు తెలుసు. జీవితమంతా సరే అంటూనే వచ్చింది.

"వద్దు. నన్నొక్కదాన్నీ వదలకు," అంది. "ఈ వేళలో అమ్మ అరిస్తే నేనేం చేస్తానో నాకు తెలీదు. ఎవర్నైనా పిలువు."

మరదలు గుమ్మంలో ఆగింది. ఎగాదిగా చూడలేదు, జాలిపడలేదు. ఎదురింటి తలుపు తట్టి, పెద్దమ్మగారూ, కాసేపు మా ఇంట్లో కూర్చుంటారా, మా వదినకి తోడుగా అని అడిగింది. ఎందుకని ఎదురింటావిడ అడిగింది. మా వదినకి ఒక్కదానికీ కష్టం అని చెప్పి మరదలు మెట్లు దిగి పరుగెత్తింది. ఆ మెట్ల మీదే ఒకప్పుడు అందరి ముందూ మరదల్ని కడిగేసినప్పుడు గుమిగూడిన వాళ్ళలో ఈ ఎదురింటావిడ కూడా ఉంది. ఆవిడకు ఆ సంగతి బాగా గుర్తుందని ఆవిడ చూపులోనే తెలుస్తోంది.

ఓపికమ్మకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అయినా తలుపు పూర్తిగా తీసి, రండి, కూర్చోండి అంది. ఆవిడ చిక్కుడుకాయలు వలుచుకుంటూ వచ్చి, పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని కుర్చీలో కూర్చుంది. తల్లి కేకలు మొదలుపెట్టింది. ఎదురింటావిడ బెదిరి ఓపికమ్మకేసి చూసింది. ఏమీ అనకండి, కాసేపు అరవనివ్వండి, అదే తగ్గుతుంది అని చెప్పి, ఓపికమ్మ గోడ దగ్గర కింద కూర్చుంది.